పక్కవీధి పులుసు

లెమెరీ ఊళ్ళో చేపల మార్కెట్టు వెనక వీధిలో పెటాంగ్ హోటలుకి బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేది. ఏదో తుఫానుకి ఎగిరి పక్కింటి కప్పు మీద పడితే, వాళ్ళు దాన్ని కోళ్ళగూడుకి తలుపు చేసుకున్నారు. పెటాంగ్ అడగలేదు. పదకొండు గంటలకి మట్టికుండ మూత తీస్తే వీధి మలుపు దాకా పోయే వాసన ఉండగా బోర్డు దేనికని ఆమె వాదన.

ఆ కుండలో ఉండేది తులింగాన్ చేప. సముద్రం నుంచి తెల్లవారుజామున దిగిన చేపలకి రెండు పక్కలా గాట్లు పెట్టి, ఒక్కొక్కదాన్నీ అరచేత్తో అదిమి బల్లపరుపు చేసి, ఉప్పు రాసి, అరటాకు పరిచిన కుండలో పంది కొవ్వు ముక్కల మధ్య పేర్చేది. పైన ఎండబెట్టిన పుల్లకాయలు చల్లి, సన్నని సెగ మీద గంటల తరబడి వదిలేసేది. ముల్లు కూడా మెత్తబడేది. ఇరవై ఆరేళ్ళుగా అదే చెయ్యి, అదే కుండ. బ్యాంకు కాపలావాడి దగ్గర్నుంచి బళ్ళో పంతులమ్మ దాకా ఆ చేప కోసం వరసలో నిలబడేవారు.

పెటాంగ్‌కి యాభై ఎనిమిదేళ్ళు. పొట్టిగా, గట్టిగా, రోకలిబండలా ఉండేది. ఆమెకొక పట్టుదల ఉంది. తన చెయ్యి పడని కూడు తినదు. పెళ్ళికి పిలిస్తే వెళ్ళి, పళ్ళెం పట్టుకుని అందరినీ పలకరించి, తిన్నట్టు చేసి ఇంటికొచ్చి అన్నం పెట్టుకునేది. ఊళ్ళో ఇన్ని హోటళ్ళున్నా ఒక్కదాని గడప తొక్కలేదు. "నాకు వంట రాదా, ఇంకొకళ్ళ దగ్గరికెళ్ళి తినడానికి?" అనేది.

ఆమెకొక పగ కూడా ఉంది. పక్కవీధిలో, ట్రైసైకిళ్ళ స్టాండు పక్కన హోటలు పెట్టిన ఇసీద్రా మీద. ఇసీద్రా ఒకప్పుడు తొమ్మిదేళ్ళు ఆమె వంటింట్లోనే, ఆమె పక్కనే నిలబడి వండింది. ఇప్పుడు పైఊళ్ళో ఉంటున్న పెటాంగ్ కూతురు లీగయాకి పసితనంలో జ్ఞానస్నానం చేయించినప్పుడు జ్ఞానతల్లిగా నిలబడింది కూడా ఇసీద్రాయే. కన్నతల్లీ జ్ఞానతల్లీ ఒకరినొకరు 'మారే' అని పిలుచుకుంటారు. తోబుట్టువుల పిలుపు కన్నా అది ఒక పిసరు ఎక్కువే. అలాంటి ఇసీద్రా పదకొండేళ్ళ కిందట, నేను సొంతంగా పెట్టుకుంటాను మారే, అని చెప్పి వెళ్ళిపోయింది. చెప్పే వెళ్ళింది, మర్యాదగానే వెళ్ళింది. అయినా పెటాంగ్ దాన్ని క్షమించలేదు.

కొత్త హోటలు పెట్టిన నెలకి ఎవరో వచ్చి ఇసీద్రా సినిగాంగ్ పులుసు చాలా బాగుందన్నారు. అప్పుడు హోటలు నిండా జనం. పెటాంగ్ గరిటె ఆపకుండా, "పొట్లం పొడి కలుపుతుంది. చింతకాయ మొహం చూసి ఎన్నాళ్ళయిందో దానికి" అంది. అందరూ నవ్వారు. చేపకి కాళ్ళు లేవు గాని మాటకున్నాయి; సాయంత్రానికల్లా అది పక్కవీధి చేరింది. ఆ మర్నాటి నుంచి చర్చిలో ఇసీద్రా ఎడమవైపు చివరి బల్ల మీద, పెటాంగ్ కుడివైపు మొదటి బల్ల మీద. పదకొండేళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పెటాంగ్ ఆ పులుసుని నాలిక మీద వేసుకోకుండానే ఆ మాట అన్నదని ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ ఏడు జూన్‌లో వానలు ముందే పట్టుకున్నాయి. చేపల మార్కెట్టు నేలంతా నీళ్ళు, పొలుసులు. పెటాంగ్ బుట్టెత్తుకుని వస్తూ కాలు జారింది. బుట్టని వదలకూడదని పట్టుదలగా పడటంతో చేపలు చెక్కుచెదరలేదు, కుడి మణికట్టు విరిగింది. డాక్టరు మోచేతి దాకా కట్టు వేసి ఆరు వారాలు కదపకూడదన్నాడు. ఎడం చేత్తో కుండ దించవచ్చా అని ఆమె అడిగితే డాక్టరు ఆమె మొగుడి వైపు చూశాడు.

మొగుడు బాదోంగ్ మంచివాడు. ట్రైసైకిల్ నడుపుతాడు, మోటారు సైకిలుకి పక్క తొట్టి బిగించిన బండి. మాట తక్కువ, ఆకలి ఎక్కువ. వంట మాత్రం కాఫీ దగ్గరే ఆగిపోయింది. హోటలు మూసిన మొదటి రోజు అన్నం వండాడు. అడుగు మాడింది, పైన పలుకు, మధ్యలో మాత్రం ఒక చెంచాడు బాగుంది. ఆ చెంచాడూ భార్యకే పెట్టాడు.

రెండో రోజు మధ్యాహ్నం రబ్బరు బ్యాండు వేసిన ప్లాస్టిక్ సంచీతో వచ్చాడు. గిన్నెలో ఒంపితే పులుసు. పంది పక్కటెముకలు, ముల్లంగి, పొడుగు చిక్కుడు, పైన అప్పుడే వేసినట్టు పచ్చగా తూటికూర. పెటాంగ్ మొహం పక్కకి తిప్పుకుని కూర్చుంది. గిన్నెలోంచి ఆవిరి లేచింది. విరిగిన చేతికి ఆకలి ఉండదు గాని కడుపుకి ఉంటుంది కదా. ఎడం చేత్తో ఒక చెంచా తీసుకుంది.

ఇంకో చెంచా తాగింది. తరవాత గిన్నె దగ్గరికి లాక్కుంది.

"ఎక్కడిది?"

"మార్కెట్టు వైపు."

"మార్కెట్టు వైపు ఎవరు?"

"అందరూ ఉన్నారుగా" అని బాదోంగ్ బండి స్టార్టు చేయడానికి వెళ్ళిపోయాడు.

అది పచ్చి చింతకాయల పులుపని ఆమె నాలికకి తెలుసు. కాయల్ని ఉడకబెట్టి, మెదిపి, గింజా పీచూ లేకుండా వడకట్టిన పులుపు. చిక్కదనం ఎక్కడిదా అని వెతికితే అడుగున చేమదుంప, దాదాపు కరిగిపోయేదాకా ఉడికినది. తన హోటల్లోనూ ఇరవై ఆరేళ్ళుగా ఆ పులుసు పెట్టేది. పల్చగా, నీళ్ళలా ఉండేది. చేప అయిపోయిన రోజు తప్ప ఎవరూ అడిగేవారు కాదు. అదేమిటో ఇన్నేళ్ళూ ఆమె దాని గురించి ఆలోచించనే లేదు. ఆ రాత్రి మంచం మీద పడుకుని చేమదుంప గురించి ఆలోచించింది.

మర్నాడు గొడుగు పట్టుకుని బయల్దేరింది. ఆ పులుసు వండిన చెయ్యి ఎవరిదో తేల్చుకోవాలి.

మొదట కాస్యో అనే అతని నూడుల్స్ కొట్టుకి వెళ్ళింది. లావుపాటి నూడుల్స్‌ని చిక్కటి రసంలో గుడ్డుతో కలిపి పెద్ద గిన్నెలో పోసిచ్చే లోమీ అతని వంటకం. ఆమె లోపలికి రావడం చూసి కాస్యో చేతిలో ఉన్న ఉల్లిపాయ వదిలేశాడు. ఆమె కూర్చుని ఒక గిన్నె ఇమ్మంది. అందరూ తినడం ఆపి ఆమె తినడం చూశారు. ఉల్లిపాయ తరుగు చల్లుకుని, కలమాన్సీ నిమ్మకాయ పిండుకుని, ఎడం చేత్తో తంటాలు పడుతూ గిన్నె అడుగు దాకా తిని, బాగుంది కాస్యో, మిరియం కాస్త తగ్గించు, అంది. కాస్యోకి బడి పరీక్ష పాసైనంత సంతోషం కలిగింది. సినిగాంగ్ నీదేనా అని అడిగితే మాత్రం, నాది నూడుల్స్ ఒకటే పెటాంగ్ అక్కా, అని గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు.

ఆ మర్నాడు చైనా వంశపు ముసలాయన ఆవిరి బన్నుల కొట్టు. ఆ తరవాత రోజు బస్టాండు దగ్గర, దక్షిణాన మిందనావ్ నుంచి వచ్చిన ముస్లిం దంపతుల హోటలు. పసుపూ కొబ్బరీ వేసి వండిన కోడికూరని అరటాకులో అన్నం మీద పెట్టి ఇచ్చారు. చుట్టూ అందరూ కుడిచేత్తో తింటున్నారు. ఎడం చెయ్యి పెట్టడానికి ఆమె సందేహిస్తుంటే ఆ ఇల్లాలు చెంచా తెచ్చి, "దెబ్బ తగిలిన చేతికి తప్పులేదమ్మా, తినండి" అంది. ఆ కూరలో మిరపకాయ ఎక్కడ దాక్కుందో తెలియలేదు గాని కళ్ళమ్మట నీళ్ళు తెప్పించింది. ఇంకో ముద్ద అన్నం అడిగింది పెటాంగ్.

ఇలా పదిరోజులు తిరిగింది. పులుసు ఎక్కడా దొరకలేదు. అందరికీ తెలుసని మాత్రం ఆమెకి తెలిసిపోయింది, అడిగిన ప్రతివాళ్ళూ ఒకటే నవ్వు నవ్వుతున్నారు గనక. అయినా తిరగడం బాగానే ఉంది. కూర్చుంటే ఎవరో తెచ్చి పెడతారు. తిన్న పళ్ళెం ఎవరో తీసుకెళతారు. ఫ్యాను కింద కూర్చుని వాన చూడవచ్చు. కుండల వెనక నిలబడి ఇరవై ఆరేళ్ళు గడిపినదానికి, కుండల ముందు కూర్చుంటే ఎలా ఉంటుందో ఇప్పుడే తెలిసింది. తన హోటల్లో ఎవరైనా వేలు చూపించి అడగకుండా మూతలెత్తి లోపలికి చూస్తే గరిటెతో వాళ్ళ వేళ్ళ మీద కొట్టేది. ఇప్పుడు ఏ హోటలుకి వెళ్ళినా మొదట తనే మూతలన్నీ ఎత్తి చూస్తోంది. ఎవరూ కొట్టలేదు.

బాదోంగ్ మాత్రం రెండు రోజులకోసారి ఆ సంచీ తెస్తూనే ఉన్నాడు. ఎప్పుడడిగినా మార్కెట్టు వైపే.

మూడో శుక్రవారం ఆమె ఆసుపత్రిలో కట్టు చూపించుకోవాల్సి వచ్చింది. మొగుడి బండి మీద వెళదామని ట్రైసైకిళ్ళ స్టాండుకి నడిచింది. ఆ వీధిలోకి వచ్చి ఎన్నాళ్ళయిందో. అవసరమైతే చుట్టూ తిరిగి వెళ్ళేది గాని అటు అడుగు పెట్టేది కాదు. బాదోంగ్ బండి అక్కడే ఉంది, బాదోంగ్ లేడు. మిగతా డ్రైవర్లు ఆమెని చూడగానే ఆకాశం వైపు చూశారు. పెట్రోలు పోయించుకోవడానికి వెళ్ళాడని ఒకడన్నాడు. బండి ఇక్కడ వదిలేసి ఏ సీసాలో పోయించుకుంటాడని ఆమె అడిగింది. అతను మళ్ళీ ఆకాశం చూశాడు.

అప్పుడు వాసన వచ్చింది. వానకి అడ్డంగా కట్టిన నీలం పరదా వెనకనుంచి, పచ్చి చింతకాయ ఉడికే వాసన. పరదా ఎవరిదో ఆమెకి తెలుసు. గొడుగు కింద కాసేపు అలాగే నిలబడింది. తను పదకొండేళ్ళ కిందట అన్న మాట, అన్నప్పుడు జనం నవ్విన నవ్వు, రెండూ చెవిలో పడ్డాయి. ఇంటికి పోదామనిపించింది. తలుచుకుంటే పోగలదు కూడా; ఆమె లోపలికి రాలేదని ఎవరూ తప్పుపట్టరు. గొడుగు మూసి పరదా ఎత్తింది.

లోపల ఎనిమిది బల్లలు. సగం మొహాలు తన హోటలువే. పంతులమ్మ చేతి రుమాలుతో మొహం తుడుచుకోవడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. బ్యాంకు కాపలావాడు టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. ఫ్యాను కింద, గోడకి ఆనుకుని, దర్జాగా బాదోంగ్. చెంచా నోటికీ గిన్నెకీ మధ్య ఆగిపోయింది. అతని ముందు ఒక చిన్న సాసరులో చేపసాసు, అందులో చిదిమిన మిరపకాయ. ఆ సాసరు అంచు మీద ఎర్ర పెయింటుతో అతని పేరు రాసి ఉంది.

"పెటాంగ్..." అన్నాడు.

"తిను. చల్లారిపోతుంది."

కుండల వెనక ఇసీద్రా నిలబడి ఉంది. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. చర్చిలో ఈ చివర్నుంచి ఆ చివరికి అది కనబడనే లేదు పెటాంగ్‌కి. చేతిలో గరిటె అలాగే పట్టుకుని, దెబ్బలాటకి వచ్చిందా ఏమిటన్నట్టు చూసింది ఇసీద్రా.

పెటాంగ్ కట్టు కట్టిన చెయ్యిని రెండో చేత్తో పట్టుకుంది. గొంతు పెద్దది చేసింది.

"ఇసీద్రా, నీ పులుసులో పొట్లం పొడి లేదు. పచ్చి చింతకాయ ఉడకబెట్టి, మెదిపి, వడకట్టావు. చేమదుంప కరిగేదాకా ఉంచావు. అప్పుడు నేనన్నది అబద్ధం. రుచి చూడకుండానే అన్నాను. జనం ముందు అన్నాను గనక జనం ముందే చెప్తున్నాను. తప్పు నాది."

ఎవరూ నమలడం లేదు. ఇసీద్రా కుండలో గరిటె పెట్టి ఒకసారి తిప్పింది.

"నా పులుసు నోట్లో పెట్టుకోడానికి పదకొండేళ్ళు పట్టిందా నీకు?"

"చెయ్యి విరిగితే గాని నోరు తెరుచుకోలేదు."

"ఈ సంగతి తెలిస్తే ఎప్పుడో నేనే విరిచేదాన్ని."

ఎవరో కిసుక్కున నవ్వారు. పంతులమ్మే కావచ్చు. ఇసీద్రా గరిటెతో బాదోంగ్‌ని చూపించింది. "ఈ మనిషి ఉన్నాడే, రోజూ ఇక్కడ కూర్చుని నా పులుసు తాగుతూ నీ చేపని పొగుడుతాడు. అదిమే పద్ధతి అంట, కుండంట, సెగంట. నేనెప్పుడూ ఆ వంటింట్లో నిలబడనట్టు నాకే చెప్తాడు. పదకొండేళ్ళు విన్నాను. ఇంకెవరైనా అయితే వేడి పులుసు నెత్తిన పోసేవాళ్ళు."

ఈసారి అందరూ నవ్వారు, బాదోంగ్ తప్ప. అతను ధైర్యం తెచ్చుకుని చెంచా నోట్లో పెట్టుకున్నాడు.

ఇసీద్రా ఒక గిన్నె నింపి, ఫ్యాను కింద బల్ల మీద పెట్టి, కుర్చీ లాగింది.

"కూర్చో, మారే."

పెటాంగ్ కూర్చుంది. ఎడం చేత్తో ఎముక నుంచి మాంసం రావడం లేదు. ఇసీద్రా పక్కన కూర్చుని, పసిపిల్ల లీగయాకి ఒలిచి పెట్టినట్టే ముక్కలు ఒలిచి గిన్నెలో వేసింది. ఆసుపత్రి సంగతి ఆ రోజుకి పెటాంగ్ మరిచిపోయింది.

ఇంటికి వస్తూ బండి తొట్టిలోంచి పెటాంగ్ మొగుణ్ణి నిలదీసింది. మొదటిసారి వాన పడుతుంటే తలదాచుకోవడానికి వెళ్ళానన్నాడు బాదోంగ్. తరవాత వాన లేకపోయినా వెళ్ళాడట. పొట్లం పొడి కాదని ఆ మొదటి రోజే తెలిస్తే ఎందుకు చెప్పలేదని ఆమె అడిగింది. బాదోంగ్ మలుపు తిరిగేదాకా ఆలోచించాడు.

"చెప్తే రెండు చోట్లా భోజనం పోతుందని."

ఆమె కోపం తెచ్చుకోవాలని చూసింది. రాలేదు. ఇల్లు చేరేసరికి ఇద్దరూ నవ్వుతున్నారు.

సోమవారం తెల్లవారేసరికి ఇసీద్రా పెటాంగ్ వంటింటి గుమ్మంలో ఉంది. కుండ ఊరికే పడుంటే బీటలు వారుతుంది, జనం చేప చేప అని నా ప్రాణం తోడేస్తున్నారు, పద, అంది. పెటాంగ్ పీట మీద కూర్చుని చెప్పడం, ఇసీద్రా నిలబడి చేపలు అదమడం. గట్టిగా అదిమితే బట్టలు ఉతుకుతున్నావా అని పెటాంగ్ అనేది. ఈ నోరు వినకుండా ఇన్నేళ్ళు ఎంత సుఖపడ్డానో ఇప్పుడు తెలుస్తోందని ఇసీద్రా అనేది. పదిన్నరకల్లా కుండని తడిగుడ్డలో చుట్టి, బాదోంగ్ బండి తొట్టిలో కూర్చోబెట్టి పక్కవీధికి తీసుకెళ్ళేవారు. కట్టు విప్పేదాకా చేపా పులుసూ ఒకే చోట దొరికాయి. ట్రైసైకిళ్ళ వాళ్ళు ఆ రోజుల్ని ఇప్పటికీ పండగ రోజులని చెప్పుకుంటారు.

కట్టు విప్పాక ఇద్దరూ కలిసి ఒకే హోటలు నడపండని పంతులమ్మ సలహా చెప్పింది. ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. ఒక వంటింట్లో వారం తిరక్కుండా మళ్ళీ చర్చిలో చెరో చివరికీ పోతామని వాళ్ళకి తెలుసు. పెటాంగ్ తన హోటల్లో పులుసు పెట్టడం మానేసింది. ఎవరైనా అడిగితే, పక్కవీధికి వెళ్ళండి, నా పేరు చెప్పండి, చేమదుంప ఒక ముక్క ఎక్కువ వేస్తుంది, అంటుంది. ఇసీద్రా దగ్గర చేప అడిగినవాళ్ళు ఇటు వస్తారు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనరు గాని, ఆ పొరుగింటికి దారి చూపించేవాళ్ళు తక్కువ.

ఒక్క అలవాటు మాత్రం పెటాంగ్‌ని వదల్లేదు. బయట తినడం. గురువారాలు మధ్యాహ్నం నుంచి రెండు హోటళ్ళూ మూసేస్తారు. ఇద్దరు ఆడవాళ్ళూ తొట్టిలో ఇరుక్కుని కూర్చుంటే బాదోంగ్ బండి నడుపుతాడు. తాల్ ఊళ్ళో పేగుల గంజి, సాన్ నికొలాస్‌లో చెరువు చేప వేపుడు, దారిలో ఎక్కడ కుండలు కనిపిస్తే అక్కడ ఆగి మూతలెత్తి చూడటం. వాళ్ళు దిగడం చూడగానే హోటలు వాళ్ళు జుట్టు సవరించుకుని, బల్లలు మళ్ళీ తుడుస్తారు.

మొన్న డిసెంబరులో కలాకా ఊళ్ళో ఒక కొత్త హోటలు కనిపించింది. పెట్టి పదిరోజులైనా కాలేదు. నాలుగు బల్లలు, ఇంకా పెయింటు వాసన. పెళ్ళయి ఏడాది తిరగని పిల్ల వండుతోంది. వెనిగర్‌లో ఉడికించే అదోబో మాంసం ముగ్గురికీ వడ్డించి, చేతులు గౌనుకి తుడుచుకుంటూ గోడ పక్కన నిలబడింది. కూరలో వెనిగర్ పచ్చిగా గొంతుకి తగిలింది. ఇసీద్రా దగ్గింది. పెటాంగ్ చెంచా కింద పెట్టి లేచి, ఆ పిల్ల దగ్గరికెళ్ళి, పక్క బల్లకి వినబడకుండా అడిగింది.

"వెనిగర్ పోసిన వెంటనే కలిపావా?"

ఆ పిల్ల తలూపింది.

"మరిగేదాకా కలపకు. మూత కూడా పెట్టకు. పచ్చివాసన దానంతటదే పోతుంది."

ఆ పిల్ల వెళ్ళి అప్పుడే రెండో కుండ పొయ్యి మీద పెట్టింది. పెటాంగ్ తిరిగొచ్చి కూర్చుని ముందున్న పళ్ళెం ఖాళీ చేసింది. గుమ్మంలో ఇద్దరు లారీ డ్రైవర్లు లోపలికి రావాలా వద్దా అని తటపటాయిస్తూ, కూర ఎలా ఉందమ్మా అని ఆమెనే అడిగారు.

"అన్నం ముత్యాల్లా ఉంది" అంది పెటాంగ్. "ఒక్క పావుగంట కూర్చుంటే కూర కూడా బాగుంటుంది. మేమూ ఆగుతున్నాం."

బాదోంగ్ అప్పటికే ఇంకో పళ్ళెం అన్నానికి చెయ్యెత్తాడు.